చలానాకు ఒక హెల్మెట్, తలకు ఒక హెల్మెట్: విశాఖలో రెండు కొనుగోళ్లపై సమీక్ష

విశాఖపట్నంలో ద్విచక్ర వాహనం వెనుక కూర్చునేవారికి కూడా హెల్మెట్ తప్పనిసరి అనే నిబంధన 2024 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ వారంలోనే మా ఆవిడ కోసం, జాతీయ రహదారి పక్కన టార్పాలిన్ మీద వరుసగా పేర్చి అమ్ముతున్న చోట 350 రూపాయలు పెట్టి ఒక హెల్మెట్ కొన్నాను. ఏడాది తిరిగేసరికి దానిని మూలన పడేసి, డాబాగార్డెన్స్ ప్రాంతంలోని ఒక దుకాణంలో దానికి దాదాపు అయిదు రెట్లు ధర పెట్టి ఇంకొకటి కొనవలసి వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు తెలిసిన విషయాలు నలుగురికీ ఉపయోగపడతాయనే ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను. వస్తువుల నాణ్యతతో పాటు, ఆ వస్తువును తప్పనిసరి చేసిన ప్రభుత్వం తన వంతు పని ఎంతవరకు చేసిందన్నది కూడా ఇందులో భాగమే, ఎందుకంటే హెల్మెట్ అనేది మనం ఇష్టపడి కొనే వస్తువు మాత్రమే కాదు, చట్టం మన చేత కొనిపించే వస్తువు.

ముందుగా మొదటి హెల్మెట్ సంగతి. నేను దానిని చేతిలోకి తీసుకుని లోపల చూస్తుంటే అమ్మే పెద్దాయన, "చలానా పడదు బాబూ, అది చాలు కదా" అన్నాడు. ఆయన మోసం చేయాలని ఆ మాట అనలేదు. నాలాగా ఆగిన ప్రతివాడూ అడిగేది అదే కాబట్టి, అడగకముందే జవాబు చెప్పాడు. నేను కూడా ఆ రోజు కొన్నది చలానా పడకుండా ఉండడానికే. వెనుక భాగంలో ఐఎస్ఐ గుర్తు ఉన్న స్టిక్కరు కనిపించింది, రంగు బాగుంది, బరువు తక్కువగా ఉంది, మా ఆవిడకు మెడ నొప్పి రాదని సంతోషించాను. ఆ తేలికదనానికి కారణం లోపల ఉండవలసిన పొర లేకపోవడమేనని అప్పుడు తెలియలేదు.

హెల్మెట్ పైనున్న గట్టి చిప్ప ఒక్కటే తలను కాపాడదు. దెబ్బ తగిలినప్పుడు ఆ చిప్ప దెబ్బను ఒకే చోట పడనీయకుండా కాస్త విస్తారంగా పంచుతుంది. దాని కింద థర్మాకోల్‌లా కనిపించే మందపాటి పొర నలిగిపోతూ ఆ వేగాన్ని తనలోకి తీసుకుంటుంది. తల ఒక్కసారిగా ఆగిపోకుండా మెదడుకు దొరికే ఆ కొద్దిపాటి వ్యవధి ఆ పొర నలగడం వల్లనే వస్తుంది. చెంపలకు తగిలే మెత్తటి స్పాంజి సౌకర్యం కోసం మాత్రమే. ఇక అన్నిటినీ తలకు కట్టి ఉంచేది గడ్డం కింది పట్టీ. ఇవన్నీ సరిగా ఉన్న హెల్మెట్ వల్ల మరణించే ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు సుమారు 69 శాతం తగ్గుతాయని వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. నేను కొన్నదానిని తరువాత కోసి చూస్తే, స్పాంజి కింద వేలి మందం కూడా లేని పలుచటి పొర ఒకటి నడినెత్తి దగ్గర మాత్రమే అతికించి ఉంది. చెవుల వైపు, వెనుక వైపు ఉత్త ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు.

కోసి చూడవలసిన అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. గత వానాకాలంలో మా తమ్ముడు నా బండి మీద వెనుక కూర్చుని వస్తూ ఆ హెల్మెట్ పెట్టుకున్నాడు. మర్రిపాలెం దాటి లోపలి వీధిలోకి తిరిగే చోట గొట్టాల కోసం రోడ్డు తవ్వి, పైపైన మట్టి కప్పి వదిలేశారు. అక్కడ హెచ్చరిక పలక లేదు, అడ్డుగా ఒక రాయి కూడా పెట్టలేదు. వానకు ఆ మట్టి బురదై, మలుపులో ముందు చక్రం జారింది. మేము నడక వేగం కంటే కొంచెం ఎక్కువలో ఉన్నామంతే. నేను బండి కింద పడ్డాను, వాడు పక్కకు పడ్డాడు. వాడి తల నేలకు తగలకముందే పట్టీ క్లిప్పు ఊడిపోయి హెల్మెట్ కాలువ వైపు దొర్లిపోయింది. నుదుటి మీద మూడు కుట్లతో బయటపడ్డాడు. అదే జాతీయ రహదారి మీద షీలానగర్ దగ్గర, పోర్టు లారీల మధ్య జరిగి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఆ తరువాత చట్టంలో ఏముందో చదివాను. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ అంటే ఏమిటో కూడా నిర్వచించింది. ప్రమాదంలో గాయం నుంచి రక్షణ ఇస్తుందని సహేతుకంగా ఆశించదగిన ఆకారం, పదార్థం, నిర్మాణం దానికి ఉండాలి, పట్టీలతో తలకు భద్రంగా బిగించి ఉండాలి. అంటే మా తమ్ముడి తల మీద ఆ రోజు ఉన్నది చట్టం దృష్టిలో హెల్మెట్ కాదు. అయినా అదే హెల్మెట్‌తో ఏడాది పాటు ఎన్నో కూడళ్లలో తనిఖీ దాటి వచ్చాం, ఎవరూ ఆపలేదు. ట్రాఫిక్ కూడలిలో నిలబడిన కానిస్టేబులు ప్రతి బండినీ ఆపి హెల్మెట్ లోపలి పొరను పరీక్షించలేడు, ఆయనను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ పరీక్ష జరగవలసింది కూడలి కంటే చాలా ముందు, తయారయ్యే చోట, అమ్మే చోట.

నిజానికి అందుకు తగిన చట్టబలం ఎప్పటి నుంచో ఉంది. 2021 జూన్ 1 నుంచి దేశంలో ద్విచక్ర వాహనదారుల హెల్మెట్ ఏదైనా భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లైసెన్సుతో, ఐఎస్ 4151 ప్రమాణం ప్రకారమే తయారు కావాలి, అలాంటివే అమ్మాలి. ఆ సంస్థ ఇచ్చే ఐఎస్ఐ గుర్తును దొంగతనంగా వాడినవారికి 2016 నాటి బీఐఎస్ చట్టం రెండేళ్ల వరకు జైలు లేదా కనీసం రెండు లక్షల రూపాయల జరిమానా నిర్ణయించింది. కానీ అమలు ఎంత? 21 కోట్లకు పైగా ద్విచక్ర వాహనాలున్న దేశంలో, 2024-25 ఆర్థిక సంవత్సరంలో 500కు పైగా హెల్మెట్ నమూనాలను పరీక్షించామని, 30కి పైగా సోదాలు జరిపామని వినియోగదారుల వ్యవహారాల శాఖే 2025 జులైలో ప్రకటించింది. ఢిల్లీలో జరిపిన సోదాల్లో 2,500కు పైగా నాసిరకం హెల్మెట్లు పట్టుబడ్డాయని కూడా ఆ ప్రకటనలోనే ఉంది. ఒక్క నగరంలో కాస్త వెతికితేనే అన్ని దొరికినప్పుడు, మన రహదారి పక్కన పట్టపగలు రంగురంగులుగా పేర్చినవి ఎవరి కంటా పడకపోవడం నాకు మింగుడు పడదు. బీఐఎస్ శాఖా కార్యాలయం విశాఖలోనే ఉంది.

హెల్మెట్ లేకపోతే నాకు మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు రద్దు. ఇది న్యాయమే, దీని మీద నాకు ఫిర్యాదు లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. హెల్మెట్ లేకుండా మరణించినవారు 50,029 మంది, వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. ఈ అంకెలు చూసిన తరువాత నిబంధనను తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాదు. హెల్మెట్ నిబంధనను గట్టిగా అమలు చేయాలని మన హైకోర్టు 2024లో ఆదేశించడం కూడా ఇందుకే. అయితే దొంగ స్టిక్కరు హెల్మెట్ పెట్టుకుని చనిపోయినవారు ఆ అంకెల్లో విడిగా కనిపించరు.

రోడ్డు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించని అధికారులకు, గుత్తేదారులకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించే 198ఎ సెక్షన్‌ను మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో చేర్చారు. మంచి పనే. కానీ ఆ సెక్షన్ కదలాలంటే ఆ లోపం వల్ల ఒకరు చనిపోవాలి లేదా వికలాంగులు కావాలి. మూడు కుట్లు దానికి చాలవు. హెల్మెట్ పెట్టుకోని వాహనదారుడి మీద ప్రమాదం జరగకముందే జరిమానా పడుతుంది, తవ్విన గుంత పూడ్చని వారి మీద శవం లేచాక కానీ పడదు. ఈ తేడాను సరిదిద్దమని మన శాసనసభ్యులనూ, పార్లమెంటు సభ్యులనూ అడగవలసిన బాధ్యత మనకు ఉంది. ఇంటి ముందు గుంతకు అడ్డుపలక పెట్టించడం నుంచి ఆ అడగడం మొదలు కావాలని నా అభిప్రాయం.

ఇక రెండో హెల్మెట్. దుకాణంలో మొదటి అరగంట నాకు బాగా నచ్చింది. యజమాని ధర గురించి మాట్లాడకముందే టేపు తీసి, కనుబొమలకు వేలెడు పైన చుట్టూ కొలిచారు. నాకు 580 మిల్లీమీటర్లు, మా ఆవిడకు 560. పెట్టుకుని పట్టీ బిగించాక తల అడ్డంగా ఊపమన్నారు, హెల్మెట్ తలతో పాటు కదలాలి కానీ తల లోపల తిరగకూడదని చెప్పారు. వెనుక నుంచి పైకి లాగి, ముందుకు ఊడి వస్తుందేమో ఆయనే చూశారు. మా ఆవిడ జుట్టు ముడి వేసుకుంటే హెల్మెట్ కిందికి దిగదు, ఆ స్థితిలో పట్టీ బిగించినా ప్రయోజనం లేదు. జడ వేసుకుంటే సరిగా కూర్చుంటుంది. ముడి మీద బలవంతంగా నొక్కి పెట్టుకునే ఆడవాళ్లు మన నగరంలో ఎందరో కనిపిస్తారు కాబట్టి ఈ చిన్న విషయాన్ని ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఐఎస్ఐ గుర్తును ఎలా చదవాలో కూడా అక్కడే నేర్చుకున్నాను. గుర్తు పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అనే అక్షరాల తరువాత లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో వేస్తే ఏ తయారీదారుకు, ఏ వస్తువుకు ఆ లైసెన్సు ఇచ్చారో, అది ఇంకా అమలులో ఉందో లేదో కనిపిస్తుంది. డబ్బు కట్టకముందే అక్కడే నిలబడి చూసుకున్నాను, సరిపోయింది. నా పాత హెల్మెట్ స్టిక్కరు మీద అసలు సంఖ్యే లేదు. ఇది తెలియడానికి అర నిమిషం పట్టింది. కొత్త బండి కొన్నప్పుడు తయారీదారు ప్రమాణాలకు తగిన హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉందన్న సంగతి కూడా నాకు ఆ దుకాణంలోనే తెలిసింది. బండి కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

కొన్నది ముఖం మొత్తం కప్పే రకం, 1,700 రూపాయల లోపు. అందులో 18 శాతం జీఎస్టీ ఉంది. ప్రభుత్వం తప్పనిసరి చేసిన ప్రాణరక్షణ వస్తువు మీద అంత పన్ను వేసి, ఆ పక్కనే పన్ను లేని నాసిరకాన్ని 350కి అమ్మనిస్తే, నెలకు పన్నెండు వేలు సంపాదించే మనిషి ఎటు వెళ్తాడో ఊహించడం కష్టం కాదు. పన్ను తీసేస్తే ఆ తేడా కొంతైనా తగ్గుతుంది.

వాడకం విషయానికి వస్తే, నాలుగు నెలలుగా గోపాలపట్నం నుంచి గాజువాకకు రోజూ ఇదే పెట్టుకుని వెళ్తున్నాను. గాలి లోపలికి వచ్చే రంధ్రాలు నలభై కిలోమీటర్ల వేగం పైన పని చేస్తాయి కానీ, ఎన్‌ఏడీ కూడలి దగ్గర రద్దీలో నిలబడినప్పుడు మన సముద్రపు ఉక్కకు చెమట కళ్లలోకి కారుతుంది. లోపలి స్పాంజిని విప్పి ఉతుక్కోవచ్చు, వారానికి ఒకసారి ఉతకకపోతే వాసన వస్తుంది. రాత్రిపూట ఎదురు లైట్లకు అద్దం మీద గీతలు మెరుస్తాయి, కాబట్టి పొడి గుడ్డతో తుడవకండి. హారన్లు వినపడవన్న భయం నాకు మొదట్లో ఉండేది, అది నిజం కాలేదు. మొత్తం మీద అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. దుకాణానికి కూడా నాలుగే, ఎందుకంటే పిల్లల హెల్మెట్ల విషయంలో నిరాశే ఎదురైంది.

నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి అని చట్టం చెబుతోంది. అంతకంటే చిన్నవారికి, తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల వరకు, తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలని, నడిపేవారికి బిడ్డను కలిపి కట్టే పట్టీ ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నియమం తెచ్చింది. మా పాపకు ఆరేళ్లు. ఆ దుకాణంలో గానీ, ఆ వీధిలోని మరో మూడింటిలో గానీ ఆమె తలకు సరిపోయే కొలతలో ఐఎస్ఐ సంఖ్య ఉన్న హెల్మెట్ ఒక్కటి కూడా దొరకలేదు. రోడ్డు పక్కన మాత్రం బొమ్మలు వేసినవి వరుసగా వేలాడుతున్నాయి. యజమాని నా ఫోను నంబరు రాసుకుని, సరుకు వస్తే చెబుతానన్నారు. అది వచ్చేదాకా పాపను బడికి ఆటోలో పంపుతున్నాం.