పంట మార్పిడి ప్రయోగం: పంటలన్నీ ఏటా వేయడం మేలా, వంతులవారీగా వేయడం మేలా?

మెట్టలో పంట మార్పిడి ప్రయోగం తలపెట్టిన పరిశోధక విద్యార్థులు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: మార్పిడిలోని పంటలన్నిటినీ ఏటా వేర్వేరు మడుల్లో వేయాలా, లేక ఒక్కో మార్పిడికి ఒక్క మడి ఇచ్చి ఏడాదికొక పంట చొప్పున తిప్పితే సరిపోతుందా?

అనంతపురం ఎర్రనేలలనే తీసుకుందాం. ఏటా వేరుశనగ, రెండేళ్ల వేరుశనగ–కొర్ర, మూడేళ్ల వేరుశనగ–కొర్ర–కంది, ఈ మూడింటినీ నాలుగు బ్లాకుల్లో (బ్లాకు అంటే పోల్చదలచినవన్నీ ఒక్కోసారి ఉండే పక్కపక్క మడుల గుంపు) పోల్చదలిస్తే వంతుల పద్ధతికి 12 మడులు చాలు, పంటలన్నీ ఏటా వేసే పద్ధతికి 24 కావాలి. విత్తనం, కూలి, కలుపుతీత అన్నీ రెట్టింపవుతాయి కనుక మనసు వంతుల వైపు మొగ్గడం సహజమే.

అయితే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, అదీ ఎప్పుడు కురుస్తుందో తెలియని నేలలో తీర్పు చెప్పేది వానే. వేరుశనగ ఊడలు నేలలోకి దిగే రోజుల్లో బెట్ట తగిలిన ఏటి దిగుబడిని, పదునున్న ఏటి దిగుబడితో పోల్చి, తేడా అంతా ముందు పంట వల్ల వచ్చిందనడం కుదరదు. అన్ని మడుల్లోనూ వేరుశనగతో మొదలుపెట్టి వంతులు తిప్పితే, రెండేళ్ల మార్పిడిలో అది 3, 5, 7 సంవత్సరాల్లోనూ, మూడేళ్లదానిలో 4, 7 సంవత్సరాల్లోనూ తిరిగి వస్తుంది. అంటే ఆ రెండూ ఒకే వాన కింద ఎదురుపడేది 7వ సంవత్సరంలోనే, అది కరువు సంవత్సరమైతే మళ్లీ 13వ సంవత్సరం దాకా ఆగాలి. పంటలన్నీ ఏటా ఉంటే 3వ సంవత్సరం నుంచి ప్రతి ఏడూ ఆ పోలిక దక్కుతుంది.

అందుకే 12 మడులకు మించి చోటులేని వారికి నేను చెప్పేది, మూడేళ్ల మార్పిడిని వదులుకుని, ఏటా వేరుశనగకు ఒకటి, రెండేళ్ల మార్పిడికి రెండు మడులు చొప్పున నాలుగు బ్లాకులు వేసుకోమని. బ్లాకులు వాలుకు అడ్డంగా ఉండాలి, పల్లానికి పోయేకొద్దీ మట్టి లోతు మారుతుంది కనుక. రైతు పొలాల్లో వేసే పెద్ద మడులు ప్రదర్శనకు పనికొస్తాయి, ఈ ప్రశ్నకు జవాబివ్వవు.

ఫలితం చూసేటప్పుడు వేరుశనగ ఒక్కదాని దిగుబడితో ఆగకుండా, మార్పిడి మొత్తం ఆదాయాన్ని దాని సంవత్సరాలతో భాగించి పోల్చాలి. కాయ తూకంతోపాటు, మొదలు దగ్గర తెల్లని బూజు, ఆవగింజల్లాంటి ఉండలు కనిపించి వాడిపోయిన చెట్లెన్నో ప్రతి మడిలోనూ లెక్కపెట్టి రాసుకోవాలి.