మాంటెలుకాస్ట్ గోలి: స్ట్రిప్‌తో పాటు రాని కాగితం

రాత్రి అన్నం తిన్నాక ఒక గోలి. మాంటెలుకాస్ట్ 10 మిల్లీగ్రాములు, లెవోసెట్రిజిన్ 5 మిల్లీగ్రాములు కలిసింది. దమ్ము, తుమ్ములు ఉన్న ఇంట్లో ఇది తెలియనివాళ్లు ఉండరు కాబట్టి ధర, కంపెనీల సంగతి వదిలేస్తున్నాను. జనౌషధి షాపులో ఇదే మందు బాగా చౌకగా దొరుకుతుందని మాత్రం గుర్తు చేస్తాను. రెండేళ్లకు పైగా వాడాను. మందు పనిచేసింది. నా కోపమంతా దాంతో పాటు నా చేతికి రావాల్సిన, మందు హెచ్చరికలు ఉండే ఒక కాగితం గురించి.

నా పరిస్థితి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తాను. అక్టోబర్ నుంచి పత్తి, జనవరి నుంచి ఎండాకాలం దాకా మిర్చి. ఘాటెక్కువ ఉండే తేజ రకం మిర్చి బస్తాలు విప్పిన పూట యార్డులో హమాలీలు, రైతులు, తూకం వేసే దడవాయిలు అందరూ దగ్గుతూనే ఉంటారు. ఊపిరితిత్తులు బాగా లేనివాడు చేయాల్సిన ఉద్యోగం కాదిదని హన్మకొండలో నేను చూపించుకునే ఛాతీ డాక్టర్ మొదటి రోజే అన్నాడు. ఇంకో ఉద్యోగం మాత్రం ఆయన కూడా చూపించలేదు. చిన్నప్పుడు మా అమ్మ మృగశిర కార్తెకు హైదరాబాద్ తీసుకెళ్లి, వరుసగా మూడేళ్లు చేప మందు మింగించింది. ఆ నమ్మకం జోలికి నేను పోను గానీ, దమ్ము మాత్రం నాతోనే ఉండిపోయింది.

గోలి మొదలుపెట్టాక వారం పది రోజుల్లోనే తేడా తెలిసింది. పొద్దున లేవగానే వరుసగా వచ్చే తుమ్ములు తగ్గాయి. తెల్లవారుజామున పిల్లికూతలతో లేచి కూర్చోవడం తప్పింది. పత్తి సీజన్ మొత్తం ముక్కుతో గాలి పీల్చాను. చిన్నమాటలా ఉంది కదా, నోరు తెరుచుకుని పడుకునేవాళ్లను అడగండి. ఆ రోజుల్లో కనిపించిన వాళ్లందరికీ ఈ గోలి పేరే చెప్పాను, కొందరికి స్ట్రిప్ ఫోటో కూడా పంపాను.

అయితే అదే నెలలో డాక్టర్ బుడెసోనైడ్, ఫార్మోటెరాల్ ఉన్న పంపు (ఇన్‌హేలర్) కూడా రాశాడు. పొద్దున, రాత్రి పీల్చి నోరు పుక్కిలించాలి. కాబట్టి గోలికి నేనిచ్చిన మార్కుల్లో సగమైనా పంపుకు పోవాలి. ఇంకో మాట. మిర్చి ఘాటును ఈ గోలి ఆపలేదు. ఘాటుకు దగ్గు ఎవరికైనా వస్తుంది, అది అలర్జీ లెక్కలోకి రాదు. అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో పుట్టే హిస్టమిన్ అనే రసాయనం పనిని లెవోసెట్రిజిన్, ల్యూకోట్రయీన్లు అనే రసాయనాల పనిని మాంటెలుకాస్ట్ అడ్డుకుంటాయి, అంతవరకే. ఆ యేడు మిర్చి కూడా నన్నేమీ చేయలేదని గొప్పగా చెప్పుకున్నాను గానీ, మా దుకాణానికి అప్పుడు వచ్చిన సరుకులో చపాట రకం మిర్చి ఎక్కువ. 2025లో జీఐ గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటనే. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ.

ఇక అసలు సంగతి. రెండో మిర్చి సీజన్‌కు కాస్త ముందు కలలు మొదలయ్యాయి. కలలు అందరికీ వస్తాయి, లేచేసరికి పోతాయి. ఇవి పోయేవి కావు. కాంటా మీద బస్తా ఉంటుంది, నేను చీటీ రాస్తుంటాను, రాసిన అంకె రాస్తుండగానే మారిపోతుంటుంది. రైతులు చుట్టూ నిలబడి ఏమీ అనరు, నన్నే చూస్తుంటారు. సినిమా తెర మీద చూసినంత స్పష్టంగా, రంగులతో సహా. లేచాక కూడా చేతిలో పెన్ను ఉన్నట్టే అనిపించేది. మా బిడ్డ పొద్దున టిఫిన్ దగ్గర "డాడీ, రాత్రి మళ్ల ఒర్రినవ్" అని నవ్వేది. కొన్నాళ్లకు నవ్వడం మానేసింది.

పగలు ఇంకో రకం. ఊరికే చిరాకు. తూకం దగ్గర రెండోసారి లెక్క అడిగాడని ఒక ముసలి రైతు మీద అరిచాను. ఇన్నేళ్ల నౌకరీలో నేను రైతు మీద గొంతు లేపింది లేదు. సేటు కూడా వింతగా చూశాడు. "నీకేమయితుందయ్యా? పెళ్లయినప్పటి సంది ఇట్ల ఎన్నడూ లేవు" అని మా ఇంటామె గట్టిగానే అడిగింది. సీజన్ టెన్షన్ అన్నాను. నిజంగా అదే అనుకున్నాను కూడా. సరుకు బాగా వచ్చే రోజుల్లో మా పనిలో నిద్ర చాలకపోవడం మామూలే.

కాకతీయ యూనివర్సిటీలో ఫార్మసీ చదివే మా మేనల్లుడు పండక్కి ఇంటికొచ్చాడు. టీవీ పక్కన ఉన్న స్ట్రిప్ తిప్పి చూసి, "మామా, నిద్ర ఎట్ల పడుతుంది?" అని అడిగాడు. దగ్గు ఎట్లుందని కాదు, నిద్ర గురించి అడిగాడు! అప్పుడు చెప్పాడు. మాంటెలుకాస్ట్ వాడేవాళ్లలో కొందరికి పీడకలలు, చిరాకు, గాబరా, డిప్రెషన్, అరుదుగా ఆత్మహత్య ఆలోచనలు కూడా రావచ్చని, అందుకే 2020 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుకు అన్నిటికన్నా గట్టి హెచ్చరిక పెట్టించిందని. ఒట్టి ముక్కు అలర్జీకైతే వేరే మందులు పనిచేయనప్పుడో, పడనప్పుడో మాత్రమే ఇవ్వాలని కూడా అందులో ఉంది.

నేను వాడడం మొదలుపెట్టేనాటికే ఆ హెచ్చరిక ఉంది. నా దాకా రాలేదు, అంతే. మెడికల్ షాపులో మనకిచ్చేది కత్తెరతో కోసిన స్ట్రిప్ ముక్క. మడతపెట్టిన కాగితం ఏదైనా ఉంటే పెట్టెతో పాటు షాపులోనే ఉండిపోతుంది. స్ట్రిప్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో మందు పేరు, రేటు, ఎక్స్‌పైరీ ఉంటాయి. డాక్టర్ దగ్గర బయట నలభై మంది కూర్చుని ఉంటారు, ఆయన రాసిచ్చి "నిద్ర మత్తు వస్తుంది, బండి జాగ్రత్త" అన్నాడు. మత్తు లెవోసెట్రిజిన్‌ది, ఆ మాట నిజమే. రెండో మాట కూడా చెబితే ఎంతసేపు పట్టేది? కలల సంగతి చెప్పినప్పుడు ఆయన, "వెంటనే ఫోన్ చేయాల్సింది కదా" అన్నాడు. దేనికి చేయాలో తెలిస్తే కదా సార్ అన్నాను. ఏమీ అనలేదు, గోలి ఆపమని రాశాడు.

ఆపిన రెండు మూడు వారాల్లో కలలు పలచబడ్డాయి, తర్వాత పోయాయి. అన్నీ గోలి వల్లే అని ఒట్టేసి చెప్పలేను. అప్పటికి సీజన్ కూడా అయిపోవస్తోంది, నిద్ర పెరిగింది. చాలామందికి ఏమీ కాదు. మా పక్కింటి పిల్లాడు చప్పరించే 5 మిల్లీగ్రాముల గోలి యేడాదిగా వాడుతున్నాడు, హాయిగా ఉన్నాడు. వాళ్లమ్మకు మాత్రం చెప్పి పెట్టాను, పిల్లాడు రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచినా, కారణం లేకుండా మొండికేసినా డాక్టర్‌కు చెప్పమని. పిల్లలు కల గురించి చెప్పరు, ఏడుస్తారు. మందు పడలేదనిపిస్తే 1800 180 3024 అనే ఉచిత నంబర్‌కు మనమే ఫోన్ చేసి చెప్పొచ్చు. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం వాళ్లది. ఇది కూడా మేనల్లుడు చెబితేనే తెలిసింది.

ఇప్పుడు పంపు అలాగే నడుస్తోంది. దాన్ని ఆపొద్దని డాక్టర్ రెండుసార్లు చెప్పాడు. ముక్కులోకి ఫ్లూటికాసోన్ స్ప్రే, తుమ్ములు మరీ ఎక్కువైన రోజు ఒట్టి లెవోసెట్రిజిన్. స్ప్రే పని గోలి అంత సుఖం కాదు. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, మధ్య గోడకు తగలకుండా కొట్టాలి. ఫలితం కనపడడానికి రోజులు పడుతుంది. మొన్నటి పత్తి సీజన్లో గోలి రోజులు బాగా గుర్తొచ్చాయి, అబద్ధమెందుకు. మళ్లీ వాడి చూడనా అని డాక్టర్‌ను నేను అడగలేదు, వాడి చూడమని ఆయనా అనలేదు. మార్కెట్ పని లేనివాళ్లకు, ఇంట్లో రాత్రి లేచి చూసే మనిషి ఉన్నవాళ్లకు, డాక్టర్ రాస్తే వాడొద్దని నేననను. నా సంగతంటారా, ఈసారి తేజ ఎంతొస్తుందో చూడాలి.