తవ్వకమా, భాషా, కళ్లారా చూసినదా: ప్రాచీన పాలినీషియాను తెలుసుకోవడానికి ఏది మేలు?

పసిఫిక్ మహాసముద్ర దీవులైన టోంగా, సమోవాలలో రూపుదిద్దుకొని హవాయి, న్యూజీలాండ్, రాపా నూయి (ఈస్టర్ దీవి) వరకు విస్తరించిన పాలినీషియన్ సంస్కృతి తొలి దశ గురించి లిఖిత ఆధారమేదీ లేదు. తవ్వకాలు, సోదర భాషల పోలిక, 18వ శతాబ్దం నుంచి నావికులూ మానవశాస్త్రజ్ఞులూ స్వయంగా చూసి రాసిన వివరాలు మాత్రమే మనకు దిక్కు.

కాలనిర్ణయంలో తవ్వకాలకు సాటి లేదు. సుమారు 2,800 ఏళ్ల క్రితం టోంగా చేరిన, పాలినీషియన్ల పూర్వీకులైన లాపిటా జనం నగిషీల కుండలు చేసేవారు. 1769లో జేమ్స్ కుక్ తాహితి చేరేనాటికి అక్కడ కుండలు చేసేవారే లేరు. ప్రత్యక్ష సాక్షులనే నమ్ముకొని ఉంటే, ఈ జాతికి కుమ్మరిపని ఏనాడూ తెలియదనే అనుకొనేవాళ్లం.

అయితే పెంకులు పదవుల గురించి చెప్పవు. న్యూజీలాండ్ మూలవాసులైన మావోరీల ‘అరికి’, సమోవా, హవాయిల ‘అలిఇ’ ఒకే మూలరూపం నుంచి పుట్టినవి కనుక, మూల పాలినీషియన్ సమాజంలోనే పెద్దరికానికి బిరుదు ఉండేదని భాషాశాస్త్రం ధీమాగా చెప్పగలదు. ఆ బిరుదు వెనుక ఎంత అధికారం ఉండేదో మాత్రం అది చెప్పలేదు. హవాయిలో అలిఇలు దీవులను ఏలిన ప్రభువులు కాగా, 1928-29లో మానవశాస్త్రజ్ఞుడు రేమండ్ ఫర్త్ టికోపియా అనే చిన్న పాలినీషియన్ దీవిలో చూసిన నలుగురు అరికిలు తోటపని కూడా చేసుకొనే వంశపెద్దలు. టికోపియా చిన్నది, మారుమూలది కాబట్టి అక్కడి పద్ధతే పాతదనుకోవడం తొందరపాటు. చిన్న దీవికీ తనదైన చరిత్ర ఉంటుంది.

‘మరాయె’ అనే పదం విషయంలో ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. టోంగాలో అది బహిరంగ మైదానం, తాహితి ప్రాంతంలో రాతి ఆలయం. రాయతేయా దీవిలోని తపుతపుఆతేయాకు 2017లో ప్రపంచ వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. ఆ తూర్పు దీవులలో జనం స్థిరపడినదే సుమారు వెయ్యేళ్ల క్రితమని తవ్వకాలు చూపుతున్నాయి కనుక, మైదానమే పాతదనీ రాతి కట్టడం తరువాతి పరిణామమనీ భావించడం సబబు.

అందుకే నేనైతే ప్రశ్న వేయడానికి భాషను, తేదీ తేల్చడానికి తవ్వకాన్ని ఎంచుకొంటాను. ప్రత్యక్ష వివరణను సాధ్యమైన అర్థాలు సూచించే సాక్షిగానే తీసుకొంటాను. పురావస్తు శాస్త్రజ్ఞులు పాట్రిక్ కిర్చ్, రోజర్ గ్రీన్ 2001లో ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి సరిచూసే పద్ధతిని వివరంగా ప్రతిపాదించారు.

భాషకు ఇచ్చే ఈ ముందు స్థానానికీ హద్దు ఉంది. చిలగడదుంపను టోంగాలో ‘కుమలా’, మావోరీలో ‘కూమర’ అంటారు; పదాలను మాత్రమే చూస్తే ఆ పంట మూల సమాజంలోనే ఉండేదనిపిస్తుంది. కాని అది దక్షిణ అమెరికా మొక్క. పాలినీషియన్లు తూర్పు దీవులకు చేరాకే అది వారి చేతికి వచ్చింది, ఆ తరువాతే పేరుతో సహా పడమటికి ప్రయాణించింది.