వంటింట్లో బీబీసీ రేడియో 4: ఏళ్ల తరబడి విన్న ఆదివారాల సమీక్ష

ఆదివారం పొద్దున రేడియో 4 పెడితే సాయంత్రం దాకా మా వంటింట్లో అది మోగుతూనే ఉంటుంది. ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో స్థిరపడ్డాక పట్టుకున్న అలవాటు ఇది. అంతసేపూ చెవులు రిక్కించి వింటానని కాదు. పప్పు నానబోస్తూ, బట్టలు మడతపెడుతూ, వారానికి సరిపడా కూరలు తరుక్కుంటూ వింటాను. అందుకే ఈ స్టేషన్‌కి మార్కులేసే పద్ధతి నాకు ఒకటే: ఏ ప్రోగ్రాం వస్తే చేతిలో పని ఆగిపోతుంది?

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రేడియో 4 బీబీసీ వాళ్ల మాటల స్టేషన్. 1967 సెప్టెంబర్ 30న పాత హోమ్ సర్వీస్ స్థానంలో మొదలైంది. వార్తలు, నాటకాలు, చర్చలు, కామెడీ అన్నీ ఉంటాయి, పాటలు మాత్రం అరుదు. వ్యాపార ప్రకటనలు అసలే ఉండవు. ఇక్కడ టీవీకి లైసెన్స్ ఫీజు కట్టాలి గానీ రేడియోకి అక్కర్లేదు, రేడియో లైసెన్స్‌ని 1971లోనే ఎత్తేశారు. అంటే ఇంట్లో టీవీ లేనివాళ్లకి ఇదంతా ఉచితం.

పొద్దున ఎక్కువ భాగం దేవుడిదే. ఆరు కాకముందే ఏదో ఒక చర్చి గంటలు వినిపిస్తారు. ఇందులో రాగం ఉండదు. గంటల్ని ఒక వరుసలో మోగించి, ఆ వరుసను ప్రతిసారీ కొంచెం మారుస్తూ పోతారు. లెక్కల మీద ఇష్టం ఉన్నవాళ్లకి నచ్చుతుంది, మిగతావాళ్లు వాల్యూమ్ తగ్గించుకుంటారు. తర్వాత మతాలకు సంబంధించిన వార్తలు, ఆ తర్వాత ప్రార్థన. మధ్యలో ఎవరైనా పేరున్న మనిషి ఒక సేవాసంస్థ తరఫున విరాళం అడుగుతారు. ఈ విరాళం అడిగే పద్ధతి 1926 నుంచీ ఉందంటే ఆశ్చర్యమే. ఎనిమిది దాటి ప్రార్థన మొదలయ్యేసరికి మా ఇంట్లో దీపం పెట్టే టైం అవుతుంది. రెండూ పక్కపక్కనే జరిగిపోతాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. అయినా క్రైస్తవులు కానివాళ్లకి ఈ రెండు గంటలు కాస్త భారమేనని చెప్పక తప్పదు.

తొమ్మిదింటికి బ్రాడ్‌కాస్టింగ్ హౌస్. వార్తలే, కానీ సెలవురోజు మూడ్‌లో, కొంచెం కొంటెగా చెబుతారు. అతిథులు పేపర్లు తిరగేస్తూ మాట్లాడుకుంటారు. ఇది వింటూ ఉల్లిపాయలు హాయిగా తరుక్కోవచ్చు.

పది కాగానే మాత్రం కత్తి పక్కన పెట్టాల్సిందే. డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్ 1942 జనవరిలో, యుద్ధం మధ్యలో పుట్టిన ప్రోగ్రాం. ఒంటరి దీవిలో చిక్కుకుపోతే వెంట ఉండాల్సిన ఎనిమిది రికార్డులు, ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు ఏవో అతిథి చెప్పాలి. బైబిలు, షేక్‌స్పియర్ నాటకాలు ఎలాగూ ఇస్తారు. విలాస వస్తువుకు ప్రాణం ఉండకూడదు, తప్పించుకోవడానికి పనికి రాకూడదు. అంతే రూల్స్. ఎనభై ఏళ్లు దాటినా ఇంకా విసుగు పుట్టకపోవడానికి కారణం అడిగే పద్ధతే అనుకుంటాను. సైంటిస్టునైనా, రాజకీయ నాయకుణ్ణైనా "మీ బాధ చెప్పండి" అని నేరుగా అడగరు. పాట ఎందుకు ఎంచుకున్నారని అడుగుతారు. అక్కడి నుంచి అమ్మ, ఊరు, పోయిన స్నేహితుడు వరసగా వచ్చేస్తారు. 2018 నుంచి నడుపుతున్న లారెన్ లవెర్న్ మధ్యలో తొందరపెట్టదు. అందరూ వినయంగా ఉంటారనీ కాదు. 1958లో వచ్చిన గాయని ఎలిజబెత్ ష్వార్జ్‌కోఫ్ ఎనిమిదింట్లో ఏడు తను పాడినవే ఎంచుకుంది! మా ఇంట్లో ఈ ఆట ఆడితే ఘంటసాలకి ఎన్ని, బాలుకి ఎన్ని అన్న దగ్గరే గొడవ మొదలై మూడో రికార్డు దాటం. ఒక సలహా: పాడ్‌కాస్ట్‌లో పాటలు బాగా కుదించేస్తారు, కుదిరితే రేడియోలోనే వినండి.

పదకొండింటికి ది ఆర్చర్స్. వారం రోజుల ఎపిసోడ్లు కలిపి గంటంపావు ఓమ్నిబస్. 2024 దాకా ఇది పదింటికి వచ్చేది. పైన చెప్పిన ప్రోగ్రాంతో టైం మార్చేసరికి పాత శ్రోతలు బాగానే గోల చేశారు. అంబ్రిడ్జ్ అనే ఊహల పల్లెటూరి కథ ఇది. దేశమంతటా 1951 జనవరి 1న మొదలైంది. యుద్ధం అయిపోయినా ఇంకా రేషన్ నడుస్తున్న రోజులవి. పంట పెంచే కబుర్లు రైతులకు పాఠంలా కాకుండా కథలో కలిపి చెప్పాలన్నది ఆలోచన, వ్యవసాయ శాఖ సహకారం కూడా ఉండేది. ఆకాశవాణి పాడిపంటలు విని పెరిగిన నాకు ఆ ఉద్దేశం వెంటనే అర్థమైంది. తేడా ఒక్కటే, ఇక్కడ ఎరువుల మాటకి అత్తాకోడళ్ల పోరు కూడా తోడైంది.

మొదట్లో ఇది అస్సలు ఎక్కదు. పాత్రలు బోలెడు, గొంతులన్నీ ఒకేలా ఉంటాయి, గేదె ఈనిందన్నంత మామూలుగా గొర్రెల కాన్పుల మీద ఐదు నిమిషాలు మాట్లాడుకుంటారు. ఓపిక పడితే మాత్రం ఇంగ్లండ్ పల్లె మనిషి దేనికి అలుగుతాడో, ఆ అలక ఎంత మర్యాదగా బయటపెడతాడో ఇక్కడే తెలుస్తుంది. ఊరి చర్చి పాస్టర్‌ని పెళ్లి చేసుకున్న ఉషా గుప్తా అనే లాయర్ పాత్ర మన వాళ్లందరికీ ఆసక్తిగానే ఉంటుంది. 2016లో హెలెన్, రాబ్‌ల కథ మాత్రం వేరే స్థాయి. చెయ్యి చేసుకోకముందే మాటలతో, ఆంక్షలతో భార్యను నెలల తరబడి కుంగదీసే మొగుడి కథ అది. అలాంటి వేధింపును ఇంగ్లండ్, వేల్స్‌లో నేరంగా చూసే చట్టం అమల్లోకి వచ్చింది 2015 డిసెంబర్‌లోనే. చివరికి హెలెన్ అతన్ని కత్తితో పొడుస్తుంది, కేసు కోర్టుకెక్కుతుంది. సెప్టెంబర్‌లో ఒక ఆదివారం గంటసేపు ప్రత్యేక ఎపిసోడ్ వేశారు. అందులో చాలా భాగం జ్యూరీ గదిలో వాదనలే. ఆ రోజు మా ఇంట్లో అన్నం అడుగంటింది. గృహహింస బాధితుల సంస్థ రెఫ్యూజ్‌కి శ్రోతలు పోగుచేసిన డబ్బు లక్ష పౌండ్లు దాటింది.

మధ్యాహ్నం రెండింటికి గార్డెనర్స్ క్వశ్చన్ టైం. 1947 నుంచీ వస్తోంది. ఏదో ఒక ఊళ్లో జనం మొక్కల కష్టాలు చెప్పుకుంటారు, నిపుణులు జవాబిస్తారు, తమలో తాము వాదించుకుంటారు కూడా. నా తోట అంటే కిటికీ పక్కన కుండీలో ఉన్న కరివేపాకు మొక్క ఒక్కటే. కానీ నిమ్మ జాతి మొక్కలకు వాళ్లు చెప్పే జాగ్రత్తలు, అంటే చలికాలం నీళ్లు తగ్గించండి, రేడియేటర్‌కి దూరంగా పెట్టండి అన్నవి, దానికీ సరిగ్గా పనిచేశాయి. కరివేపాకూ నిమ్మ కుటుంబానిదే కదా!

సాయంత్రం పట్టు సడలుతుంది. ఆ వారం రేడియోలో బాగున్నవాటిని ఏరి వినిపించేది ఒకటి, ఆ వారం పోయినవాళ్ల జీవితాలు చెప్పేది ఒకటి ఉంటాయి. రెండోది బాగుంటుంది గానీ అది శుక్రవారం వచ్చినదే. తోటల ప్రోగ్రామూ అంతే. ఆదివారం కొత్త సరుకు తక్కువన్నది నా పెద్ద ఫిర్యాదు. వారమంతా ఆఫీసులో ఉండేవాళ్లకి అదే లాభం కూడాననుకోండి.

5:54కి వచ్చే షిప్పింగ్ ఫోర్‌కాస్ట్ గురించి మాత్రం నాది వేరే మాట. బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని 31 ప్రాంతాలుగా చేసి వైకింగ్, డాగర్, జర్మన్ బైట్ అంటూ గాలి, వాన, దూరం ఎంతవరకు కనిపిస్తుందో చదువుతారు. అర్ధరాత్రి దాటాక వచ్చేదాన్ని ఇక్కడివాళ్లు చాలామంది జోలపాటలా వింటూ పడుకుంటారు. మాది బందరు. 1977 ఉప్పెన కబుర్లు వింటూ, "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అని రేడియో అంటే ఇంట్లో అందరూ మాటలాపడం చూస్తూ పెరిగాను. ఫలానా చోట తుఫాను గాలి అని ఎంత మృదువుగా చదివినా నాకు మాత్రం నిద్ర రాదు. ఆ వేళకి సముద్రం మీద ఎవరున్నారో అనిపిస్తుంది.

కొత్తగా వినబోయేవాళ్లకి ఇంకో రెండు విషయాలు. వంటింట్లో డీఏబీ (డిజిటల్) రేడియో, బెడ్‌రూంలో ఎఫ్‌ఎం రేడియో ఒకేసారి పెట్టకండి. డీఏబీ కొన్ని సెకన్లు వెనకబడుతుంది కాబట్టి మాటలు రెండేసిసార్లు వినిపించి తలనొప్పి వస్తుంది. గంట మారేటప్పుడు టైం చెప్పడానికి వచ్చే ఆరు పిప్‌ల (పొట్టి కూతల) ప్రకారం గడియారం సరిచేసుకోవాలంటే ఎఫ్‌ఎమ్మే నమ్మండి. ఇండియాలో ఉన్నవాళ్లకి 2025 జూలై నుంచి బీబీసీ సౌండ్స్ యాప్ రాదు గానీ, రేడియో 4ని బీబీసీ డాట్ కామ్‌లోనో బీబీసీ యాప్‌లోనో వినొచ్చు. ఇక్కడి పదింటి ప్రోగ్రాం వేసవిలో అక్కడ మధ్యాహ్నం రెండున్నరకి, చలికాలంలో మూడున్నరకి వస్తుంది. మొదటిసారి వినేవాళ్లు దాంతోనే మొదలుపెట్టండి, ఆర్చర్స్‌ని తర్వాత చూసుకోవచ్చు.