డైనర్ డాష్: నాలుగు బిల్లులు వరసగా పడితే

డైనర్ డాష్ అనే కంప్యూటర్ ఆటలో మనం నడిపించే ఫ్లో ఆఫీసు ఉద్యోగం మానేసి హోటలు పెట్టుకున్న సంగతి, వచ్చినవాళ్లని కూర్చోబెట్టడం నుంచి ఎంగిలి ప్లేట్లు తీసేదాకా పని ఎలా నడుస్తుందో అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను. ఇన్నేళ్లయినా ఈ పాత ఆటని కంప్యూటర్లోంచి తీసెయ్యబుద్ధి కాకపోవడానికి కారణం ఒక్కటే, చైన్ బోనస్. ఒకే రకం పని వెంటవెంటనే చేస్తుంటే చేసిన కొద్దీ పాయింట్లు పెరుగుతాయి. మధ్యలో వేరే పని ఒక్కటి దూరిందా, చైన్ తెగి లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

చాలామంది ఈ చైన్‌ని ఆర్డర్లు తీసుకునేటప్పుడో, వడ్డించేటప్పుడో పట్టుకోవాలని చూస్తారు. అక్కడ ఎంతో దూరం పోదు. ఫ్లోకి ఉన్నవి రెండు చేతులే, ఒకసారికి మోసేది రెండు వస్తువులే. బిల్లుకి మాత్రం చేతుల్లో మోయాల్సిందేమీ లేదు. ఎన్ని టేబుళ్లు సిద్ధంగా ఉంటే అన్ని బిల్లులూ ఒకే ఊపులో ఇచ్చేయొచ్చు. ఆటలో అసలు రుచి ఇక్కడుంది.

రెండో టేబుల్ వాళ్లు తినడం అయిపోయి బిల్లు కోసం చెయ్యెత్తారనుకోండి. వెంటనే క్లిక్ చెయ్యాలని వేలు లాగేస్తుంది. ఆగాలి. పక్కవాళ్లు ఇంకా తింటున్నారు. ఈలోగా చేతిలో ఉన్న ఆర్డరు చీటీ వంటగదికి చేర్చాలి, ఎంగిలి ప్లేట్లుంటే టబ్బులో పడేసి రావాలి. మూడోది చెయ్యెత్తింది, ఒకటోది ఎత్తింది. నాలుగోది కూడా ఎత్తగానే చకచకా నాలుగు క్లిక్కులు. ఫ్లో వచ్చేదాకా ఒక్కోదాని కోసం ఎదురుచూడక్కర్లేదు. క్లిక్కులన్నీ ముందే పెట్టేస్తే ఆవిడ అదే వరసలో చేసుకుపోతుంది. ఓపిక ఎంత మిగిలిందో చూపించే గుండె గుర్తులు తక్కువున్న టేబుల్ ముందు, బోలెడు ఓపికున్నది ఆఖర్న. నాలుగో బిల్లు దగ్గర స్కోరు ఎగిరే ఎగురు చూస్తే, ఎక్స్‌పర్ట్ స్కోరు (లెవెల్ దాటడానికి కావాల్సినదానికన్నా పెద్ద లక్ష్యం) అందదనుకున్న లెవెల్ కూడా అందుతుందన్న ధైర్యం వస్తుంది.

నాలుగు టేబుళ్లూ ఒకేసారి చెయ్యెత్తేలా చెయ్యడం అదృష్టం మీద వదిలెయ్యక్కర్లేదు. అది కూర్చోబెట్టేటప్పుడే నిర్ణయమైపోతుంది. ముసలివాళ్లకి ఓపిక ఎక్కువ, తినేది నిదానం. ఆఫీసు మనుషులకి అన్నీ తొందరే, ఓపిక తక్కువ. ఈ రెండు రకాల్నీ పక్కపక్కన కూర్చోబెడితే బిల్లులు ఎప్పటికీ కలవవు. ఒకే రకం వాళ్లని వెంటవెంటనే కూర్చోబెట్టి, ఆర్డర్లు జంటగా వంటగదికి పంపితే భోజనాలూ దగ్గర దగ్గరగా ముగుస్తాయి. మన టిఫిన్ హోటళ్లలో చెయ్యి తిరిగిన సర్వర్ ఏ టేబుల్ ఎప్పుడు లేస్తుందో చూపుతోనే పట్టేసినట్టు, ఇక్కడ కూడా చూపు వరసలో నిలబడ్డవాళ్ల మీదే ఉండాలి.

చెడేదీ ఇక్కడే. నాలుగో టేబుల్ కోసం మరీ ఆగితే మొదటి టేబుల్ గుండెలు ఒక్కొక్కటే రాలిపోతాయి, వాటితో పాటే టిప్పూ తగ్గుతుంది. అంతకన్నా నష్టం బయటుంది. బిల్లు ఇవ్వని టేబుల్ ఖాళీ కాదు, టేబుల్ ఖాళీ కాకపోతే వరస కదలదు, వరసలో విసుగెత్తినవాళ్లు వెళ్లిపోతే పాయింట్లు కోత. అందుకని వరసలో మూడుకి మించి గుంపులుంటే రెండు బిల్లులకే తృప్తిపడి ఇచ్చేస్తాను. తర్వాతి హోటళ్లలో వచ్చే డ్రింకులు ఇలాంటప్పుడు కొంత ఊపిరి పోస్తాయి, కానీ అవి ఇవ్వడం కూడా ఫ్లో చేతుల్నీ, కాళ్లనీ తినేసే పనే.

కుర్చీల రంగుల గురించి ఎవరడిగినా మొదట్లో గొప్పగానే చెప్పేదాన్ని. ఎర్ర చొక్కా మనిషి లేచాక కుర్చీ ఎర్రగానే ఉంటుంది, మళ్లీ ఎర్రవాళ్లనే కూర్చోబెడితే అదనపు పాయింట్లు. బాగుంటుంది, కాదనను. కానీ రంగు కలిసింది కదా అని ఇద్దర్ని నలుగురి టేబుల్లో కూర్చోబెడితే, వెనకే వచ్చిన నలుగురికి చోటుండదు. రంగు కోసం టేబుల్ ఖాళీగా ఆపితే బిల్లుల లయ చెదిరిపోతుంది. ఇప్పుడు రంగు దానంతటదే కుదిరితే తీసుకుంటాను, దానికోసం ఆగను.

2006లో వచ్చిన రెండో భాగంలో ఈ ఓపిక పట్టే ఆట కష్టమవుతుంది. ఏడ్చే పసిపిల్లలు, ఫోన్లో గట్టిగా మాట్లాడేవాళ్లు పక్క టేబుల్ గుండెల్ని తగ్గించేస్తుంటే బిల్లు ఆపడానికి ధైర్యం చాలదు. కొందరికి ఆ గందరగోళమే ఇష్టం, నాకు మొదటి భాగమే.

నేను ఆడేది మౌస్‌తో, పెద్ద తెర మీద, పని అయ్యాక ఓ అరగంట. చిన్న ఫోన్లో మనుషుల్ని లాగేటప్పుడు వేలి కింద కుర్చీ కనపడదు కాబట్టి అక్కడ ఈ చిట్కాలు ఇంతగా పనికిరాకపోవచ్చు. కథ కోసం, కొత్త కొత్త బొమ్మల కోసం ఆడేవాళ్లకి పది లెవెళ్లకే విసుగు రావచ్చు. నిన్నటి కన్నా ఒక బిల్లు ఎక్కువ కలిపితే చాలు, ఆ రోజుకి అదే సంబరం అనుకునేవాళ్లయితే లెవెళ్లు లేకుండా సాగిపోయే ఎండ్‌లెస్ షిఫ్ట్ ఒకసారి తెరిచి చూడండి.