డిష్ తిప్పాలా, కేబుల్ మార్చాలా?

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే గాలివానలు మొదలయ్యాక డీడీ ఫ్రీ డిష్ (దూరదర్శన్ ఉచిత డిష్ టీవీ) ఉన్న ఇళ్లలో టీవీ మీద 'నో సిగ్నల్' మామూలే. చాలామంది వెంటనే మేడెక్కి డిష్ తిప్పేస్తారు. తొందర వద్దు. ముందు సెట్‌టాప్ బాక్స్ మెనూలో సిగ్నల్ స్ట్రెంత్, క్వాలిటీ గీతలు చూడండి.

స్ట్రెంత్ బాగానే ఉండి క్వాలిటీ సున్నా దగ్గరుంటే, అనుమానం డిష్ మీదే. ఈ ఛానళ్లు పంపే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. మన ఊరి నుంచి ఆగ్నేయంగా, దాదాపు 63 డిగ్రీల ఎత్తులో అన్నమాట. డిష్ చూడ్డానికి అంత పైకి చూస్తున్నట్టు ఉండదు, దాని ఆకారమే అలాంటిది. నట్లు కొంచెం వదులు చేసి వెంట్రుకవాసి చొప్పున జరపాలి, ప్రతిసారీ ఆగి క్వాలిటీ చూడాలి. కింద టీవీ దగ్గర ఒకరు అరిచి చెప్పాల్సిందే! ఆగ్నేయంలో కొత్త అంతస్తు లేచినా, వేపకొమ్మ అడ్డొచ్చినా ఎంత తిప్పినా దండగే, డిష్ చోటు మార్చాలి.

రెండు గీతలూ పడిపోతే కేబుల్ వైపు వెళ్లండి. కనెక్టర్‌లో నీళ్లు, ఆకుపచ్చగా మారిన రాగితీగ కనిపిస్తే ఆ ముక్క కోసి కొత్త కనెక్టర్ వేస్తే చాలు. సగం ఛానళ్లే పోతే కూడా ఇటే చూడాలి.

నా ఓటు ముందు కేబుల్‌కే. పని చిన్నది, డిష్ దిశ చెడదు. జోరువానలో మాత్రం రెండూ ముట్టుకోవద్దు, వాన తగ్గితే సిగ్నల్ దానంతటదే వస్తుంది.