ఆవ లైన్ల పరీక్ష: ఆర్‌బీడీనా, ఆగ్మెంటెడ్ పద్ధతా?

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ప్రాంతంలో అక్టోబరులో ఆవాలు విత్తుతారు. ప్రజనన శాస్త్రవేత్త చేతిలో 200 కొత్త లైన్లు (ఇంకా రకాలుగా విడుదల కాని వంగడాలు) ఉంటే వాటిని ఎలా పోల్చాలి?

మళ్లు: ఆర్‌బీడీ అనే యాదృచ్ఛిక బ్లాకుల పద్ధతిలో పొలాన్ని బ్లాకులుగా (భాగాలుగా) విడదీసి, ఒక్కో బ్లాకులో లైన్లన్నిటినీ చీటీలు తీసినట్టు ఏ వరుసా లేకుండా వేస్తారు. అలా ప్రతి లైనును మూడుసార్లు వేస్తే 600. 1956లో గణాంక శాస్త్రవేత్త ఫెడరర్ ప్రతిపాదించిన ఆగ్మెంటెడ్ పద్ధతిలో లైన్లను ఒక్కసారే వేస్తారు. వరుణ, క్రాంతి వంటి నాలుగు చెక్ రకాలను (పోలిక కోసం వేసే తెలిసిన రకాలను) మాత్రం పది బ్లాకుల్లోనూ వేస్తారు. మొత్తం 240.

విత్తనం: ఆవగింజ చిన్నది, రెండు పద్ధతుల్లో దేనికీ పెద్ద ఇబ్బంది లేదు.

శ్రమ: అసలు భారం ఇక్కడే. మడికి ఐదు మొక్కలు ఎంచి కొమ్మలు, కాయలు లెక్కపెట్టాలి. కాయలు ఒలిచి గింజలు లెక్కించాలి. కోత ఆలస్యమైతే ఎండిన కాయలు పగిలి గింజ రాలుతుంది, దిగుబడి లెక్కే తప్పుతుంది. 600 మళ్లలో ఈ పని సకాలంలో ముగించడం చాలా కష్టం.

నమ్మకం: ఆగ్మెంటెడ్‌లో మంచి లైను చౌడు తగిలిన మడిలో పడితే దానికి రెండో అవకాశం లేదు. చెక్ రకాల ఫలితాలు చూసి బ్లాకుల మధ్య తేడాను సవరించినా ఒకే బ్లాకులోని మళ్ల మధ్య తేడా పోదు. అందుకే ఆ ఒక్క మడి గింజ దిగుబడిని తుది తీర్పుగా తీసుకోకూడదంటాను. వెయ్యి గింజల బరువు, పూతకు పట్టే రోజులు పరిస్థితులను బట్టి అంతగా మారవు. వాటిని ఎక్కువ నమ్మవచ్చు.

తొలి తరాలు, వందల లైన్లు ఉంటే ఆగ్మెంటెడ్. వడపోతలో పదో ఇరవయ్యో మిగిలాక ఆర్‌బీడీ, అదీ రెండు మూడు చోట్ల, కనీసం రెండు రబీల్లో.